నెల్లిమర్ల సరిహద్దు మళ్లీ గీసే ముందు: రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి,

విజయనగరం జిల్లా నెల్లిమర్ల నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు తమ పరిధిలోనివి కావని నాకు తెలుసు. అయినా ఈ లేఖ తమకే రాయడానికి కారణం ఉంది. 2002 నాటి నియోజకవర్గాల పునర్విభజన చట్టం ప్రకారం ఏర్పడిన కమిషన్‌లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అధ్యక్షుడు కాగా, కేంద్ర ఎన్నికల సంఘం తరఫున ఒకరు, సంబంధిత రాష్ట్ర ఎన్నికల కమిషనర్ ఒకరు సభ్యులుగా ఉన్నారు. అంటే ఆ ముగ్గురిలో మన రాష్ట్రపు ఊళ్ల పేర్లు తెలిసి, మన భాషలో వచ్చిన విన్నపాన్ని నేరుగా చదవగలిగే స్థానం తమదే. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకుని జనగణన జరుగుతుందని కేంద్రం ప్రకటించింది. ఆ లెక్కలు వచ్చాక నియోజకవర్గాల సరిహద్దులు మళ్లీ కదులుతాయి. ఈసారి కూడా తమ స్థానానికి అటువంటి బాధ్యతే దక్కుతుందన్న నమ్మకంతో, మా నెల్లిమర్ల నియోజకవర్గం సంగతి ముందుగానే తమ దృష్టికి తెస్తున్నాను.

మా నియోజకవర్గానికి ఒక చెడ్డపేరు వచ్చింది. టీవీ చర్చల్లోనూ, జిల్లా కేంద్రంలో టీ దుకాణాల దగ్గరా మా ఓటర్లను గాలివాటం ఓటర్లంటున్నారు. ఆ మాట నన్ను చాలా కాలంగా నొప్పిస్తోంది. పైకి చూస్తే ఆ మాటకు ఆధారం ఉన్నట్టే కనిపిస్తుంది. ఈ నియోజకవర్గం పుట్టిన తర్వాత జరిగిన ఎన్నికలు నాలుగు. 2009లో హస్తం గుర్తు మీద బడ్డుకొండ అప్పలనాయుడు గారు గెలిచారు. 2014లో సైకిల్ గుర్తు మీద పతివాడ నారాయణస్వామి నాయుడు గారు గెలిచారు. 2019లో ఫ్యాన్ గుర్తు మీద మళ్లీ బడ్డుకొండ వారే వచ్చారు. 2024లో గాజు గ్లాసు గుర్తు మీద లోకం నాగమాధవి గారు గెలిచారు. నాలుగు ఎన్నికలు, నాలుగు పార్టీలు. ఏ పార్టీనీ వరుసగా రెండోసారి గెలిపించని ఓటరుకు నిలకడ లేదనడం సులువే. కానీ 2009కి ముందు ఇదే మనుషులు, ఇవే ఊళ్లు ఎలా ఓటు వేశాయో చూసినవారు ఆ మాట అనలేరు.

2008కి ముందు నెల్లిమర్ల పేరుతో నియోజకవర్గమే లేదు. 1971 జనగణన ఆధారంగా గీసిన సరిహద్దులతో 1978 నుంచి 2004 వరకు ఏడు సార్లు శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఆ కాలమంతా మా నెల్లిమర్ల వైపు ఊళ్లు సతివాడ నియోజకవర్గంలో ఉండేవి. సముద్రం వైపు ఊళ్లు భోగాపురం నియోజకవర్గంలో ఉండేవి. సతివాడ అంటే మా మండలంలో ఒక గ్రామం. ఇప్పుడు ఆ పేరు చెబితే, అది ఒకప్పుడు శాసనసభలో వినిపించిన పేరని మా బడిపిల్లలకు తెలియదు.

భోగాపురం సంగతి చూడండి. 1983లో తెలుగుదేశం పుట్టిన కొత్తలో పతివాడ నారాయణస్వామి నాయుడు గారిని గెలిపించిన ఆ నియోజకవర్గం, 1985, 1989, 1994, 1999, 2004 ఎన్నికల్లోనూ ఆయననే గెలిపించింది. వరుసగా ఆరు సార్లు. 1989లో రాష్ట్రమంతా కాంగ్రెస్ వైపు మొగ్గినా భోగాపురం కదలలేదు. 2004లో రాజశేఖరరెడ్డి గారి ప్రభంజనంలో విజయనగరం కోటలోనే అశోక్ గజపతిరాజు గారు స్వతంత్ర అభ్యర్థి చేతిలో ఓడిపోయిన ఏడాది కూడా భోగాపురం కదలలేదు. ఇక సతివాడ వైపు పెనుమత్స సాంబశివరాజు గారు. గజపతినగరంలో మొదలుపెట్టి, సతివాడ ఏర్పడ్డాక ఇక్కడికి వచ్చి, మొత్తం ఎనిమిది సార్లు శాసనసభకు ఎన్నికైన కాంగ్రెస్ నాయకుడు ఆయన. ఎన్టీ రామారావు గారి గాలి వీచిన రోజుల్లోనూ సతివాడలో హస్తం గుర్తుకు బలం తగ్గలేదు. 1994లో ఒక్కసారి తప్పితే ఆయనకు అక్కడ ఓటమి లేదు. పక్కపక్కనే ఉన్న రెండు నియోజకవర్గాల్లో ఒకటి పాతికేళ్లు పసుపు జెండాను, రెండోది దాదాపు అంతే కాలం మూడు రంగుల జెండాను వదలలేదు. ఇంతకన్నా నిలకడ ఎక్కడ చూస్తాం?

ఆ రెంటి మధ్య గీత మా ఇంట్లోంచే పోయేదని చెప్పాలి. మాది నెల్లిమర్ల. మా అత్తవారిది పూసపాటిరేగ మండలంలో తీరం దగ్గరి ఒక పల్లె. పండక్కి వెళితే భోజనాల దగ్గర మా మామగారూ నేనూ రాజకీయాలు మాట్లాడుకునేవాళ్లం గానీ, అవి ఎప్పుడూ వేర్వేరు ఊళ్ల రాజకీయాలుగానే ఉండేవి. ఆయన భోగాపురం మాట చెబితే నేను సతివాడ మాట చెప్పేవాణ్ణి. ఇద్దరికీ ఒకరి మాట మీద ఒకరికి పట్టింపు ఉండేది కాదు, ఎందుకంటే ఒకరి ఓటు ఒకరిని తాకేది కాదు. 2009 ఎన్నికలకు ముందు పండక్కి వెళ్లినప్పుడు, విస్తరి ముందు కూర్చుని ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అల్లుడుగారూ, ఇంకేటండీ, మీ ఓటూ మా ఓటూ ఇప్పుడొక్క పెట్టెలోనే పడతాది. మీదెటో, మాదెటో, ఆ పెట్టె ఎటెల్తాదో ఆ దేవుడికే తెలవాలి." అని మజ్జిగ పోసుకున్నారు. నియోజకవర్గాల పునర్విభజన గురించి ఆ తర్వాత నేను చాలా చదివాను గానీ, మా మామగారు రెండు వాక్యాల్లో చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు.

ఆయన చెప్పినట్టే జరిగింది. 2001 జనగణన ఆధారంగా 2008లో అమల్లోకి వచ్చిన పునర్విభజనలో అప్పటి విజయనగరం జిల్లా స్థానాలు 12 నుంచి 9కి తగ్గాయి. శ్రీకాకుళం జిల్లా స్థానాలు 12 నుంచి 10కి తగ్గాయి. రెండు జిల్లాల్లో కలిపి ఐదు స్థానాలు పోయాయి. సతివాడ, భోగాపురం, ఉత్తరాపల్లి, తెర్లాం, అటువైపు సోంపేట, హరిశ్చంద్రపురం, కొత్తూరు, ఉణుకూరు వంటి పేర్లు శాసనసభ జాబితా నుంచి మాయమయ్యాయి. నెల్లిమర్ల, డెంకాడ, భోగాపురం, పూసపాటిరేగ అనే నాలుగు మండలాలను కలిపి నెల్లిమర్ల నియోజకవర్గం చేశారు. మండలాలను ముక్కలు చేయకుండా నాలుగింటినీ నిండుగా ఒక్కచోట పెట్టడం ఆ పనిలో మెచ్చుకోదగిన అంశం. పాత సరిహద్దుల్లో ఒక మండలం రెండు మూడు నియోజకవర్గాల్లోకి చీలి, తహసీల్దారు ఒకరు, ఎమ్మెల్యేలు ముగ్గురన్న పరిస్థితి ఉన్నచోట్ల జనం ఎంత ఇబ్బంది పడ్డారో ఉద్యోగరీత్యా తిరిగిన నాకు తెలుసు. అందుకని 2008 నాటి గీత మొత్తం తప్పని నేను అనడం లేదు.

అయితే ఆ గీత ఒక రాజకీయ చరిత్రను తీసుకొచ్చి, దానికి పూర్తిగా ఎదురైన మరో రాజకీయ చరిత్ర మీద పెట్టింది. ఇరవై అయిదేళ్ల పసుపు, ఇరవై అయిదేళ్ల కాంగ్రెస్ ఒకే గిన్నెలో పడ్డాయి. రెండు వైపులా గట్టి ఓటు ఉన్నచోట, ఎటూ మొగ్గని కొద్దిమంది చేతికి తీర్పు వెళుతుంది. 2009లో ప్రజారాజ్యం కూడా రంగంలో ఉండగా జరిగిన పోటీలో, ఆరు సార్లు వరుసగా గెలిచిన పతివాడ వారు స్వల్ప తేడాతో ఓడిపోయారు. 2014లో ఆయనకు ఎదురు నిలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి పెనుమత్స సాంబశివరాజు గారి కుమారుడు. పాత భోగాపురం, పాత సతివాడ ఒకదానికొకటి ఎదురుగా నిలబడి ఓటు అడిగిన ఎన్నిక అది. పాత భోగాపురం గెలిచింది. ఏడోసారి గెలిచిన ఆ పెద్దాయన విభజన తర్వాతి తొలి శాసనసభకు ప్రొటెం స్పీకర్‌గా మిగతావారందరి చేత ప్రమాణం చేయించారు. 2019లో మళ్లీ పతివాడ, బడ్డుకొండ వారే ఎదురెదురుగా నిలబడ్డారు. పార్టీలు నాలుగు మారాయి గానీ, మొదటి మూడు ఎన్నికల్లో గెలిచినవారు ఇద్దరే. మనుషులను చూసి ఓటేసినవారికి గుర్తులు మారాయని నిందించడం న్యాయమా?

2024 సంగతి ఇంకాస్త విడమరచి చెప్పాలి. ఆ ఎన్నికలో తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీ పొత్తు పెట్టుకున్నాయి. నెల్లిమర్ల స్థానం జనసేనకు వెళ్లింది. కాబట్టి పుట్టినప్పటి నుంచీ సైకిల్ గుర్తుకు ఓటేసిన భోగాపురం వైపు వృద్ధులకు మే 13న అసెంబ్లీ మిషన్ మీద సైకిల్ కనిపించలేదు. పార్లమెంటు మిషన్ మీద మాత్రం కనిపించింది, ఎందుకంటే విజయనగరం లోక్‌సభకు కలిశెట్టి అప్పలనాయుడు గారు ఆ గుర్తు మీదే నిలబడ్డారు. పోలింగ్‌కు ముందు రోజుల్లో మా వీధిలో ఒక ముసలమ్మ నన్ను ఆపి, "మాస్టారూ, ఒక పెట్టికి గళాసు, ఒక పెట్టికి సైకిలంటన్నారు, ఏది ముందొస్తాదో తెలీక భయంగా ఉన్నాది" అంది. ఎవరికి వేయాలో నన్ను అడగలేదు. అది ఆమె ఎప్పుడో తేల్చుకున్న విషయం. ఏ పెట్టె ముందు ఉంటుందన్నదే ఆమె భయమంతా. తెల్ల కాగితం మీద రెండు గళ్లు గీసి, ఏ మిషన్‌కు ఏ రంగు చీటీ ఉంటుందో చూపించాను. ఈ ఓటరును గాలివాటం అంటారా?

మా పక్కనే నాగావళి దాటితే శ్రీకాకుళం పట్టణం ఉంది, దానికి ఇవతల ఎచ్చెర్ల నియోజకవర్గం ఉంది. మేము విజయనగరానికి శివారు అయితే వారు శ్రీకాకుళానికి శివారు. అక్కడా ఇదే కథ. 2009లో కాంగ్రెస్, 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో భారతీయ జనతా పార్టీ గెలిచాయి. ఒక్కసారి గెలిచిన పార్టీ రెండోసారి గెలవలేదు. అక్కడ కూడా 2008 గీతే పాత ముడిని విప్పింది. అంతవరకు అది షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయిన స్థానం. 1983 నుంచి కావలి ప్రతిభాభారతి గారికి కంచుకోటగా ఉండి, ఆమెను ఉమ్మడి రాష్ట్ర శాసనసభకు తొలి మహిళా స్పీకర్‌ను చేసిన స్థానం. పునర్విభజనలో రిజర్వేషన్ కొత్తగా ఏర్పడిన రాజాంకు మారింది, ఎచ్చెర్ల జనరల్ అయింది. పైగా ఎచ్చెర్ల వారికి కలెక్టరు శ్రీకాకుళంలో, ఎంపీ విజయనగరంలో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కూడా అది అలాగే మిగిలింది. శృంగవరపుకోట వారిది దీనికి తిరగేసిన పరిస్థితి, జిల్లా విజయనగరం, పార్లమెంటు విశాఖపట్నం. పక్కపక్క శివారు నియోజకవర్గాలు రెండూ ఒకే రకంగా తీర్పులు మారుస్తున్నాయంటే కారణం ఓటరు మనసులో కన్నా గీతలో వెతకడం సబబని నా అభిప్రాయం.

గీత ఒక్కటే కారణమనీ అనను. మా నేల స్వభావమే మారుతోంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో విజయనగరం ఊరు దాటగానే డెంకాడ వైపు రోడ్డుకు రెండు వైపులా చెరకు, జనుము, కొబ్బరి ఉండేవి. ఇప్పుడు లేఅవుట్ల రాళ్లు కనిపిస్తాయి. విశాఖ మహానగరం జాతీయ రహదారి పట్టుకుని భోగాపురం దాకా వచ్చేసింది. నగరంలో ఉద్యోగం, ఇక్కడ ఇల్లు ఉన్నవారు కొందరు. ఇక్కడ ఓటు, విశాఖలో కాపురం ఉన్నవారు ఇంకొందరు. హైదరాబాదులో మేస్త్రీ పనికి పోయి పోలింగ్ ముందు రోజు రైలు దిగేవారు వీరందరికన్నా ఎక్కువ. 2024లో ఆ రైళ్లు ఎంత కిక్కిరిసి వచ్చాయో విజయనగరం స్టేషన్‌లో కళ్లారా చూశాను. ఎండకు తల మీద తువ్వాలు కప్పుకుని, చంకలో పిల్లను పెట్టుకుని దిగి, బస్సు దొరక్క ఆటోకి మాట్లాడుకుంటున్న కుటుంబాలవి. ఒక్క ఓటు కోసం రెండు రోజుల కూలి వదులుకుని వచ్చినవారి తీర్పును తేలిక చేయకూడదు.

తీరం వైపు లెక్క ఇంకో రకం. చింతపల్లి, ముక్కాం వంటి మత్స్యకార గ్రామాల్లో పోలింగ్ శాతాన్ని సముద్రం నిర్ణయిస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం. 2019లో పోలింగ్ ఏప్రిల్ 11న జరిగింది, నిషేధానికి నాలుగు రోజుల ముందు. 2024లో మే 13న జరిగింది, నిషేధం నడిమధ్యలో. మొదటిసారి మరబోట్ల మీద ఉన్నవారెందరో, రెండోసారి ఒడ్డున వల అల్లుకుంటూ ఇంటిపట్టున ఉన్నవారెందరో ఎన్నికల ఫలితాలు విశ్లేషించేవారిలో ఎవరైనా లెక్క వేశారా? గుజరాత్ వేరావల్ బోట్ల మీద పనికి వెళ్లేవారి సంగతి వేరు. అక్కడి వేట కాలం ఈ తేదీలతో కలవదు కాబట్టి రెండు ఎన్నికలకూ వారు దూరమే. 2018లో పాకిస్థాన్ అధికారులకు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన మత్స్యకారుల్లో మా ఉత్తరాంధ్ర తీరం వారే ఉన్నారని తమకు గుర్తుండే ఉంటుంది. 2019 ఏప్రిల్‌లో మనం ఓటేస్తున్న రోజున వారు కరాచీ జైల్లో ఉన్నారు.

నెల్లిమర్ల పట్టణం వైపు మిల్లు లెక్క. చంపావతి ఒడ్డున బ్రిటిష్ కాలం నాటి జూట్ మిల్లు మా ఊరికి అన్నం పెట్టింది, మా ఊరిని ఏడిపించింది కూడా. 1994 జనవరిలో ఇక్కడ కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే ఏడాది చివర జరిగిన ఎన్నికలోనే సతివాడ తన పాత అలవాటును ఒక్కసారి మార్చుకుంది. రాష్ట్రమంతా తెలుగుదేశం గాలి ఉన్న ఎన్నిక అది, కాబట్టి కాల్పులే కారణమని నేను తేల్చి చెప్పలేను. కానీ ఆ సంవత్సరం మిల్లు గేటు ముందు నిలబడిన మనుషుల ముఖాలు చూసినవాణ్ణి కనుక, ఆ రెంటికీ సంబంధమే లేదని కూడా అనలేను. లాకౌట్లు పడిన ప్రతిసారీ మిల్లు క్వార్టర్ల నుంచి కొన్ని కుటుంబాలు కదిలిపోతాయి, వాటితో పాటు ఓట్లూ కదిలిపోతాయి. 2021 మార్చిలో తమ కార్యాలయం నిర్వహించిన నగర పంచాయతీ ఎన్నికలో మిల్లు వీధుల ఓటుకూ, కొత్త కాలనీల ఓటుకూ సమస్యలే వేరని ప్రచారానికి వచ్చిన ప్రతి అభ్యర్థికీ తెలిసొచ్చింది. ఒకరు మిల్లు తెరవమని అడిగితే మరొకరు కాలువ పూడిక తీయమని అడిగారు.

ఇప్పుడు వీటన్నిటి మీదా భోగాపురం విమానాశ్రయం వచ్చింది. అల్లూరి సీతారామరాజు గారి పేరు పెట్టుకున్న ఆ విమానాశ్రయం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట వంటి పల్లెలు ఖాళీ అయి పునరావాస కాలనీలకు వెళ్లాయి. ఊరు పోయినా ఊరివాళ్లు ఉన్నారు. వారు రానున్న జనగణనలో కొత్త కాలనీల దగ్గర లెక్కకు వస్తారు, ఓటరు జాబితాలో భాగం సంఖ్య మారుతుంది, పోలింగ్ కేంద్రం మారుతుంది. విమానాశ్రయం చుట్టూ రాబోయే జనాభా ఇంకా లెక్కలోకి రాదు. ఒక్క పదేళ్లలో భోగాపురం రూపం ఇప్పుడున్నట్టు ఉండదని అక్కడి రోడ్ల వెడల్పు చూసినవారెవరైనా చెబుతారు. జనగణన నాటి అంకెలతో గీసిన గీత అమలయ్యేసరికే పాతబడిపోయే చోటు రాష్ట్రంలో ఏదైనా ఉందంటే అది ఇదేనని నా నమ్మకం.

నా భయం ఒక్కటే. జనాభా సమం చేసే హడావుడిలో తీరాన్ని తీసుకెళ్లి విశాఖ వైపు భీమిలికో మరోచోటికో అతికించి, నెల్లిమర్లను విజయనగరం పట్టణంలో కలిపేసి, మధ్యలో డెంకాడను రెండుగా చీలుస్తారేమోనని. అలా చేస్తే నాలుగు ఎన్నికలుగా ఒకరితో ఒకరు సర్దుకోవడం నేర్చుకుంటున్న రెండు పాత నియోజకవర్గాల జనం మళ్లీ మొదటికి వస్తారు. రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్ మన శాసనసభ స్థానాలను 175 నుంచి 225కు పెంచుకునే వీలు రాసిపెట్టింది. ఆ పెంపు ఎప్పుడు జరిగినా, మా జిల్లాల నుంచి 2008లో పోయిన ఐదు స్థానాలను ముందుగా గుర్తు చేసుకోవాలి. తీరానికి ఒకటి, చంపావతి వైపు ఒకటి చొప్పున రెండు స్థానాలు చేయగలిగితే నేను చాలా సంతోషిస్తాను. అప్పుడు మత్స్యకారుడి మాట మిల్లు కార్మికుడి మాటతో పోటీ పడనక్కర్లేదు. అలా కుదరకపోతే ఈ నాలుగు మండలాలను చీల్చకుండా ఇలాగే ఉంచమని కోరుతున్నాను.

చట్టంలో దీనికి ఆధారం లేకపోలేదు. 2002 పునర్విభజన చట్టం 9వ సెక్షన్ జనాభాను ఒక్కదాన్నే చూడమనలేదు. భౌగోళికంగా ఒద్దికగా ఉండడం, నేల తీరు, పరిపాలన సరిహద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడమంది. రాకపోకల మాటే తీసుకుందాం. నెల్లిమర్ల నుంచి భోగాపురం బస్సులో వెళ్లాలంటే మేం ముందు విజయనగరం వెళ్లి అక్కడ బస్సు మారుతాం. అంటే మా నియోజకవర్గంలో ఒక చివరి నుంచి మరో చివరికి చేరడానికి నియోజకవర్గం బయటి ఊరు దాటాలి. ఒకసారి మా అత్తగారి పేరు ఓటరు జాబితాలోంచి పోతే, ఆ పేరు మళ్లీ ఎక్కించడానికి ఆమెను వెంటబెట్టుకుని ఒక కార్యాలయం చుట్టూ మూడు సార్లు తిరిగాను. మూడు సార్లూ రెండు బస్సులు. డెబ్భై ఏళ్లు దాటిన ఆమె మూడోసారి మెట్ల మీదే కూర్చుండిపోయి, "నానొచ్చాను గదయ్యా, నన్ను సూసుకుని రాసుకోండి" అంది. గీత గీసేటప్పుడు పటం మీద దూరం ఎన్ని కిలోమీటర్లో చూస్తే చాలదు, ఆ దూరానికి ఎన్ని బస్సులు ఎక్కాలో చూడాలి.

అదే సెక్షన్ ముసాయిదాను ప్రకటించమనీ, అభ్యంతరాలు తీసుకోమనీ, బహిరంగ విచారణ జరపమనీ కూడా చెప్పింది. ఎక్కడ జరపాలన్నది మాత్రం కమిషన్ ఇష్టానికి వదిలేసింది. గత పునర్విభజన ముసాయిదాను మా ఊళ్లో అప్పుడు చదివినవారు నాకు ఒక్కరూ తారసపడలేదు. నియోజకవర్గం మారిన సంగతి చాలామందికి నామినేషన్ల సమయంలోనే తెలిసింది. ఉత్తర్వు ఒకసారి గెజెట్‌లోకి ఎక్కితే అది శాసనంతో సమానం, దాన్ని కోర్టులో ప్రశ్నించడం దాదాపు అసాధ్యం. అందువల్ల మాకు నోరు విప్పే అవకాశం ముసాయిదా దశలో ఒక్కసారే వస్తుంది.

ఆ ఒక్కసారీ విచారణ విశాఖలోనో విజయవాడలోనో కాకుండా విజయనగరంలో ఒక రోజు, శ్రీకాకుళంలో ఒక రోజు జరిగేలా తమ స్థానం నుంచి పట్టుబట్టాలని ప్రార్థిస్తున్నాను. తేదీ వేట నిషేధ కాలంలో పడితే తీరం వారు కూడా రాగలుగుతారు. ముసాయిదా పటంతో పాటు ఏ గ్రామం ఏ నియోజకవర్గంలోకి వెళుతుందో తెలుగులో అచ్చు వేసి ప్రతి గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. 2009 నుంచి 2024 వరకు నాలుగు ఎన్నికల పోలింగ్ కేంద్రాల వారీ ఫలితాలను గ్రామాల పేర్లతో, వెతుక్కోవడానికి వీలుగా ఒక్కచోట ఉంచాలి. ఫారం 20 రూపంలో ఆ అంకెలు ఉన్నాయి, వాటిని సామాన్యుడు చదవగలిగేలా చేయడమే మిగిలింది. పునరావాస కాలనీలకు వెళ్లిన పల్లెల పేర్లను ఓటరు జాబితా భాగాల్లో పాత పేరుతో సహా రాయాలి. మరడపాలెం వారి మనవడు జాబితా తిరగేస్తే ఆ పేరు కనిపించాలి.

ఉద్యోగంలో ఉండగా ప్రతి ఎన్నికలోనూ పోలింగ్ డ్యూటీ చేశాను. బ్యాలెట్ కాగితాలు యాభై చొప్పున కట్టలు కట్టిన రోజుల నుంచి మిషన్‌కు సీలు వేసిన రోజుల దాకా, ఏ కేంద్రంలో డ్యూటీ పడినా అక్కడి ఓటర్లు వేలి మీద సిరా చుక్క చూసుకుంటూ బయటికి వెళ్లడం చూశాను. మా నియోజకవర్గం ఓటర్లు రెండు లక్షలు దాటారు. విచారణ జరిగే రోజు మా మండలాల నుంచి వచ్చేవారి వివరాలు, పాత సతివాడ, భోగాపురం గ్రామాల జాబితా, నా దగ్గరున్న ఎన్నికల కాగితాల ప్రతులు తమ కార్యాలయానికి స్వయంగా తెచ్చి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. తారీఖు, చోటు తెలియజేయగలరని ఎదురుచూస్తూ,

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నెల్లిమర్ల, విజయనగరం జిల్లా.